సర్వరుకు అమావాస్య

నేను ఉద్యోగంలో చేరిన రోజున ఆ సర్వరు మీద ఒక కాగితం అంటించి ఉంది. పెద్ద అక్షరాలతో "ముట్టరాదు" అని రాసి, పైన టేపు వేశారు. టేపు పచ్చబడి అంచులు లేచిపోయాయి. పక్కనే ఒక కుంకుమ బొట్టు. దుమ్ము పడకుండా పాత టేబుల్ క్లాతొకటి కప్పారు. ఆ గుడ్డ వల్ల లోపలి వేడి బయటికి పోయే దారి లేక, చెయ్యి పెడితే చుర్రుమనేలా ఉంది పెట్టె.

ఆదోనిలో ఒక చిన్న కంటి ఆసుపత్రి అది. మందుల గదికీ మెట్లకీ మధ్య మిగిలిపోయిన ఇరుకు చోటుకు కంప్యూటర్ రూమ్ అని పేరు పెట్టి నన్ను కూర్చోబెట్టారు. ప్రింటరు కాగితం మింగినా నేనే, టోకెన్ల మిషను మొండికేసినా నేనే, పెద్ద డాక్టరు గారి ఫోను నిండిపోయినా నేనే. వీటిలో ఏదీ అసలు పని కాదనీ, అసలు పని ఆ గుడ్డ కింద ఉందనీ మొదటి రోజే తెలిసిపోయింది.

దాన్ని ఏర్పాటు చేసినాయన బెంగుళూరు పోతూ పోతూ ఆ కాగితం అంటించి, నడుస్తున్నదాన్ని కదిలించొద్దని చెప్పిపోయాడట. ఆ సలహా ఆసుపత్రిలో అందరికీ భలే నచ్చింది. ఏమీ చెయ్యకపోవడమే జాగ్రత్త అంటే నచ్చని మనిషి ఎవరుంటారు. గుడ్డ తీసి లోపలికి వెళ్ళి చూస్తే, ఆయన పోయిన నాటినుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక్క అప్‌డేటు కూడా పడలేదు. ఆ వెర్షనుకు తయారుచేసినవాళ్ళు కూడా మరమ్మతులు పంపడం మానుకోబోతున్నారు. బెంగుళూరు పోయినాయన ఖాతా తెరిచే ఉంది, దాని పాస్‌వర్డు ఆసుపత్రి పేరే. నాకు ఒళ్ళు మండింది. ఆయన ఎదురుగా ఉంటే నాలుగు మాటలు అనేదాన్నే.

తెలియనివాళ్ళకు చెప్పాలంటే సంగతి చిన్నదే. ఆపరేటింగ్ సిస్టమ్ మనుషులు రాసిందే కాబట్టి అందులో తప్పులుంటాయి. ఎవరో ఒకరు కనిపెడతారు, రాసినవాళ్ళు సరిచేసి అందరికీ పంపుతారు. అయితే ఫలానా చోట తప్పుందని లోకమంతటికీ తెలిశాకే ఆ మరమ్మతు మన చేతికొస్తుంది. దాన్ని వేసుకోని ఇంటికి ఏ పక్క తలుపు తీసి ఉందో దొంగకు కూడా తెలుసన్న మాట. మన ఊరి ఆసుపత్రిని ఎవరు పట్టించుకుంటారులే అని మా పెద్ద డాక్టరు అనేవారు. వాళ్ళకు ఊరితో పనిలేదు సార్, ఊళ్ళన్నిటి తలుపులూ తట్టుకుంటూ పోతారు, తెరుచుకున్న చోట దూరి, ఉన్నదంతా తాళం వేసి డబ్బులడుగుతారు అని నేను చెప్పేదాన్ని. ఆయన నవ్వి తర్వాతి పేషెంటును పిలిచేవారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పెట్టెలో మా అమ్మ కన్ను ఉంది.

మాది ఎమ్మిగనూరు. మా అమ్మ పెళ్ళి కాకముందు నుంచీ మగ్గం నేస్తోంది. ఆమెకు నీటికాసులు, అంటే డాక్టర్లు గ్లకోమా అనే జబ్బు, ఉన్నట్టు తెలిసేసరికే కుడికన్ను సగానికి పైగా పోయింది. ఆ జబ్బు నొప్పి పెట్టదు, ఎర్రబడదు. మొదట పక్కల చూపు తినేస్తుంది, ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంటుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. అమ్మ గుమ్మాలకూ తలుపులకూ భుజం కొట్టుకుంటుంటే, తొందరెక్కువ అని మేము కసిరేవాళ్ళం. ఇక మిగిలింది ఎడమకన్ను. పోయిన చూపు తిరిగి రాదు, రోజూ పొద్దున సాయంత్రం చుక్కల మందు వేస్తే ఉన్నది ఉన్నట్టు నిలబడుతుందని పెద్ద డాక్టరు చెప్పారు. నిలబడిందో లేదో ఈరోజు తీసిన ఒక్క ఫోటో చూసి చెప్పలేరు. కంటి వెనక నరం మధ్యలో ఒక తెల్లటి గుంట ఉంటుంది. పోయినేడాది ఫోటో, అంతకు ముందేడాది ఫోటో పక్కపక్కన పెట్టి, ఆ గుంట పెరిగిందా లేదా అని చూడాలి. పాత ఫోటోలు పోతే పోలిక పోతుంది, పోలిక పోతే వైద్యం చీకట్లో తడుములాట. ఆ ఫోటోలన్నీ "ముట్టరాదు" కింద ఉన్నాయి.

దాన్ని ఆపి పనిచేసుకోవడానికి నాకొక రోజు కావాలని డాక్టరు గారిని అడిగాను. ఏ రోజో నువ్వే చెప్పమ్మా అన్నారు. సోమవారం నుంచి శనివారం దాకా పెద్దకడుబూరు, కోసిగి పక్కల నుంచి జనం మొదటి బస్సుకే వచ్చి వరండాలో కూర్చుంటారు. ఆదివారం పల్లెల్లో క్యాంపులు, ఆ వివరాలన్నీ సర్వరులోకే ఎక్కుతాయి. రాత్రుళ్ళు చేస్తానంటే ఎమ్మిగనూరుకు తిరిగిపోవడానికి బస్సు ఉండదు. ఏ రోజూ కుదరదని తేలిపోయింది. ఆ లెక్కన మరమ్మతు ఎప్పటికీ పడదు.

ఒకరోజు పొద్దున ఆసుపత్రికి వస్తే వరండా ఖాళీగా ఉంది. వరండా ఊడ్చే ఆయమ్మ గోడకానుకుని వక్కాకు నములుతోంది. అమావాస్య కదమ్మా, కంటిమీద కత్తి పెట్టించుకునేదానికి ఈ దినం ఎవరొస్తారు అంది. నాకు ఒక్కసారిగా మా ఇల్లు గుర్తొచ్చింది. అమావాస్య నాడు మా వీధిలో ఒక్క మగ్గం ఆడదు. నాన్న ఉన్నప్పుడు, ఆ రోజు మగ్గం గుంటలో చేరిన నూలు దుమ్మంతా ఎత్తేవాడు, సాగిన తాళ్ళు బిగించేవాడు, అరిగినవి మార్చేవాడు, నూలు దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె మొన నున్నగా ఉందో లేదో వేలితో రాసి చూసేవాడు. పండగలా ఉండేది గానీ పని మామూలు రోజుకన్నా ఎక్కువే. నేరుగా డాక్టరు గారి గదిలోకి వెళ్ళి, సర్వరుకు కూడా అమావాస్య ఇవ్వండి సార్ అని అడిగాను. ఆయన శాస్త్రం చదువుకున్న మనిషి, అమావాస్యలూ వర్జ్యాలూ వింటే మూతి విరుస్తారు. కానీ ఆ రోజు ఎటూ జనం రారు కాబట్టి తీసుకోమన్నారు.

అలా మా సర్వరుకు అమావాస్య వచ్చింది. కాగితం చింపేశాను. గుడ్డ తీసి ఆయమ్మకిస్తే మందుల గదిలో అరలు తుడవడానికి పనికొచ్చింది. కుంకుమ బొట్టు మాత్రం ఉండనిచ్చాను, అది ఎవరి దారికీ అడ్డం కాదు.

ఆ రోజుల పని నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. మొదట ఉన్నదంతా రెండు డిస్కుల్లోకి కాపీ చేసేదాన్ని. ఒకటి ఆసుపత్రి బీరువాకు, ఇంకొకటి నాతోపాటు ఎమ్మిగనూరుకు. అగ్గి పడ్డా, దొంగ దూరినా రెండు ఊళ్ళలో ఒకేసారి జరగవు కదా. నా పాస్‌వర్డు లేకుండా తెరుచుకోకుండా చేసి, టవల్లో చుట్టి, అమ్మ ట్రంకు పెట్టెలో చీరల మధ్య పెట్టేదాన్ని. నా కన్నును నా పెట్టెలోనే దాస్తాండావా అని అమ్మ ఎగతాళి చేసేది. కాపీ తీయగానే సరిపోదు, అది తిరిగి తెరుచుకుంటుందో లేదో చూడాలి. ప్రతిసారీ డిస్కులోంచి అమ్మ ఫోటోనే తెరిచి చూసేదాన్ని. తర్వాత వచ్చిన అప్‌డేట్ల వివరాలు చదవడం, వాటిని ముందు మూలనున్న పాత కంప్యూటరు మీద వేసి చూడడం, అది బతికి ఉంటే అప్పుడు అసలుదాని మీద వెయ్యడం. మానేసి పోయినవాళ్ళ ఖాతాలు మూసేశాను. ఎవరూ వాడని సర్వీసులు ఆపేశాను. ఎవరికి ఎంత అవసరమో అంతే తెరుచుకునేట్టు చేశాను, దాంతో మందుల కౌంటరాయనకు నా మీద అలక. పాత వెర్షను వదిలి కొత్తదానికి మారిన అమావాస్య నాడు మాత్రం సాయంత్రం దాకా నీళ్ళు కూడా తాగలేదు.

అన్నీ సజావుగా జరిగాయనను. ఒకసారి అప్‌డేటు తర్వాత చీటీల మీద తెలుగు అక్షరాల బదులు వరుసగా గళ్ళు పడ్డాయి. పాత కంప్యూటరుకు ప్రింటరు లేదు, అందుకే ముందు తెలియలేదు. ఒక పెద్దావిడ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి, ఈ గళ్ళ మందు యాడ దొరుకుతాది తల్లీ అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మర్నాటినుంచి పాత కంప్యూటరుకు కూడా ఒక ముసలి ప్రింటరు జత చేశాను.

నా నియమం నెమ్మదిగా నా చేతిలోంచి జారిపోయింది. ఒకసారి నెల మధ్యలో ఏదో చిన్న అప్‌డేటు వేస్తున్నాను. అదే సమయానికి వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలింది, మా ఇన్వర్టరు కూడా ఆ రోజే చేతులెత్తేసింది. ఆసుపత్రంతా చీకటి. అమావాస్య కాని దినం దాని జోలికి పోతే ఊరుకుంటాదా అని ఆయమ్మ తీర్పు చెప్పేసింది. మందుల కౌంటరాయన ఔనన్నాడు. టోకెన్లమ్మాయి ఔనంది. పెద్ద డాక్టరు నవ్వారు గానీ కాదనలేదు. అప్పటినుంచి మామూలు రోజున నేను సర్వరు దగ్గర వంగితే చాలు, ఎవరో ఒకరు వచ్చి ఈ దినం ఏం తిథి అని అడిగేవాళ్ళు. నేను పాతకాలపు కాగితం చింపి, నా చేత్తోనే కొత్త కాగితం అంటించినట్టయింది.

పత్తికట్టె పీకే రోజుల్లో ఒక అమావాస్య నాడు, పెద్దకడుబూరు పక్కనుంచి ఒక మనిషిని ఆటోలో తెచ్చారు. కట్టె పీకుతుంటే పుల్ల ఎగిరి కంట్లో గుచ్చుకుంది. టవలు అడ్డం పెట్టుకుని మూలుగుతున్నాడు. వెంటనే ఆపరేషను చెయ్యాలని డాక్టరు అంటే, వెంట వచ్చిన అన్న చేతులు జోడించి, ఈ దినం వద్దు సార్, రేపు తెల్లారగానే సేద్దురు, కట్టు కట్టి పండబెట్టండి అని బతిమాలుతున్నాడు. నా గది తలుపు తీసే ఉంది, అంతా వినిపిస్తోంది. ఎప్పుడూ గొంతు పెంచని డాక్టరు గారు ఆ రోజు గట్టిగా అన్నారు.

"కంటికి పంచాంగం తెలీదప్పా. రేపటికి ఇది కన్నుగా ఉండదు. సంతకం పెట్టు."

అన్న సంతకం పెట్టాడు. కన్ను దక్కింది. ఆ మాట నాకు బాగా నచ్చి, లోపల దాచుకున్నాను.

తర్వాత కొన్ని నెలలకు, అమావాస్య వెళ్ళి ఇంకా నాలుగు రోజులు కూడా కాలేదు, పొద్దున్నే మెయిలు తెరిస్తే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళ హెచ్చరిక ఉంది. అలాంటివి వారం వారం వస్తుంటాయి, చాలావరకు మాకు పనికిరానివే. ఇది అలాంటిది కాదు. బయటనుంచి లోపలికి వచ్చే ద్వారంలోనే తప్పు దొరికింది. పాస్‌వర్డుతో పనిలేకుండా దూరవచ్చట. వెంటనే మరమ్మతు వేసుకోండని రాశారు. ఆ రోజే పాత కంప్యూటరు మీద వేసి చూశాను, బాగానే నడిచింది. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, మధ్యాహ్నం ఒక గంట సర్వరు ఆపాలని చెప్పాను.

ఆయన వరండా వైపు చూపించారు. నిలబడేదానికి చోటు లేదు. అప్పుడొకసారి గంట అని సాయంత్రం చేసినావు, వీళ్ళు బస్సులు పోగొట్టుకుని ఈడనే పండుకోవాల్నా అన్నారు. అది వెర్షను మార్చిన రోజు సార్, ఇది చిన్నది అన్నాను. చిన్నదైతే అమావాస్య దాకా ఆగుతుంది కదా అన్నారు. చిన్నది పనిలో, ప్రమాదంలో కాదు అన్నాను. ఆయన అలసటగా నవ్వి, ఆ నియమం పెట్టింది నువ్వేనమ్మా అన్నారు. పంచాంగాన్ని ఎగతాళి చేసే మనిషి నా పంచాంగం చాటున దాక్కున్నారు. నాకు కోపం కన్నా ఉక్రోషం ఎక్కువొచ్చింది, ఎందుకంటే ఆయన అన్నది అబద్ధం కాదు.

గదికి వచ్చి సర్వరు రాసుకునే రికార్డు చూశాను. బయటనుంచి ఎవరెవరు తలుపు తట్టారో అందులో ఉంటుంది. ఎప్పుడూ కొన్ని ఉంటాయి. ఆ రోజు మాత్రం వాన చినుకుల్లా పడుతూనే ఉన్నాయి. ఒకటి ఆగితే ఇంకొకటి. వాటిలో ఏ ఒక్కరికైనా ఆ కొత్త తప్పు తెలిసుంటే, కొన్ని వేలమంది కళ్ళ ఫోటోలు తాళం పడిపోతాయి. నాకు మాత్రం ఒకే కన్ను కనిపిస్తోంది. బయటినుంచి వచ్చే ఇంటర్నెట్ వైరును పట్టుకుని లాగేశాను. ఆసుపత్రి లోపలి పని ఏదీ ఆగలేదు. బయటి తలుపు మాత్రం మూసుకుంది.

అయితే ఆ తలుపులోంచి వచ్చేది దొంగలు మాత్రమే కాదు. ఎమ్మిగనూరులో బుధవారం బుధవారం మా ఆసుపత్రి తరఫున ఒక చిన్న క్లినిక్ పెడతారు. అక్కడ తీసిన ఫోటోలు ఆ దారిలోనే ఆదోనికి వస్తాయి, పెద్ద డాక్టరు చూసి మందు చెబుతారు. వైరు పీకిన మర్నాడే బుధవారం, అమ్మ కూడా ఆ క్లినిక్‌కు వెళ్ళి ఫోటో తీయించుకుంది. అందరివీ అక్కడి కంప్యూటరులోనే ఇరుక్కుపోయాయి. గురువారం పొద్దున డాక్టరు గారు తెరిచి చూస్తే ఏమీ లేవు. నన్ను పిలిపించారు.

వైరు పీకానని చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. నన్నడగకుండా ఎవరు పీకమన్నారు, ఆ ఫోటోల కోసం జనం ఎదురుచూస్తాంటే వాళ్ళకేం చెప్పాల అని అడిగారు. పేషెంట్ల ముందే అడిగారు. అయినా చెప్పాను. మరమ్మతుకు మీరు ఒప్పుకునేదాకా పెట్టను సార్, పెడితే వచ్చేది ఎమ్మిగనూరు ఫోటోలు ఒక్కటే కాదు అన్నాను. అమావాస్యకు ఇంకా ఎన్ని దినాలుంది అని ఆయన గోడమీది క్యాలెండరు వైపు తిరిగారు. అప్పుడు నాకు ఆ పత్తికట్టె మనిషి గుర్తొచ్చాడు.

"సర్వరుకు పంచాంగం తెలీదు సార్."

ఆయన క్యాలెండరు మీంచి చూపు తిప్పలేదు. ఎదురుగా కూర్చున్న పేషెంటు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన చేతిలో టార్చిలైటు బల్లమీద పెట్టి లేచారు. నా మాట నాకే తిప్పికొడతావా అని మాత్రం అన్నారు. వరండాలోకి వెళ్ళి, మిషను బాగుచేసుకోవాల, గంట సేపు ఎవరినీ చూడను, మజ్జిగ తెప్పిస్తాను, కోపం చేసుకోవద్దండి అని ఆయనే చెప్పారు. చెప్పి, వాళ్ళ మధ్యనే బెంచీ మీద కూర్చున్నారు. జనం ఏమీ అనుకోలేదు. పొద్దున్నుంచి కూర్చున్నవాళ్ళకు ఇంకొక గంట లెక్క కాదు. పైగా డాక్టరు తమ పక్కనే కూర్చుని పంటల గురించి అడుగుతుంటే వాళ్ళకు సంబరంగా కూడా ఉంది.

కాపీ తీశాను. తెరిచి చూశాను. మరమ్మతు వేశాను. మళ్ళీ మొదలుపెట్టమని ఆజ్ఞ ఇచ్చాక తెర నల్లబడింది. ఎన్ని అమావాస్యలు చేసినా ఆ నల్లటి కాసేపు నాకు అలవాటు కాదు. తలుపు దగ్గర ఆయమ్మ నిలబడి చూస్తోంది, ఏం జరిగినా తిథి మీదికి తోయడానికి సిద్ధంగా ఉంది. లోపలి ఫ్యాను గట్టిగా తిరిగి తగ్గింది. అక్షరాలు వచ్చాయి. టోకెన్లు వచ్చాయి, చీటీల మీద తెలుగు వచ్చింది, ఫోటోలు తెరుచుకున్నాయి. ఏమీ జరగలేదు. మా పనిలో అంతకన్నా మంచి కబురు లేదు, దాన్ని ఎవరికైనా చెబితే ఇంతేనా అంటారు. డాక్టరు గారు వచ్చి, ఇంగ ఇట్లాంటివి అమావాస్య దాకా పెట్టుకోవద్దు అన్నారు. భద్రతకు సంబంధించిన చిన్న మరమ్మతులు ఏ రోజువి ఆ రోజే మధ్యాహ్నం భోజనాల వేళ వాటంతటవే పడేట్టు, ఆపి చెయ్యాల్సిన పెద్ద పని అమావాస్యకు ఉంచేట్టు ఆ రోజే ఒప్పందం చేసుకున్నాం.

వైరు మళ్ళీ పెట్టాను. ఎమ్మిగనూరు ఫోటోలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. అన్నీ సరిగ్గా దిగుతున్నాయో లేదో చూడాలి. నేను అలవాటు ప్రకారం అమ్మది తెరిచాను. పక్కన పాతవి వరసగా వచ్చి నిలబడ్డాయి. నేను డాక్టరును కాను. కానీ ప్రతి అమావాస్యకూ చూసిన కన్ను అది. కొత్త ఫోటోలో తెల్లటి గుంట పాతదానికన్నా వెడల్పుగా ఉంది. నా కళ్ళే తప్పు చూస్తున్నాయేమో అని పెద్దది చేసి చూశాను. తప్పు కాదు.

వెనకనుంచి డాక్టరు గారు కూడా వంగి చూస్తున్నారు. అది ఎవరి కన్నో ఆయనకు తెలుసు. మందు పడుతోందా అని అడిగారు. పడుతోంది సార్, సీసాలు నేనే తీసుకుపోతున్నాను అన్నాను. సీసా ఇంటికి పోతోంది సరే, కంట్లో పడుతోందా అన్నారు. నేను మొదటి బస్సుకే బయల్దేరుతాను, అమ్మ తనే వేసుకుంటుంది. ఆయన నా వైపు తిరిగి, మీయమ్మ ఒక్కపొద్దులుంటాదా అని అడిగారు. ఉంటుంది. గురువారం, శనివారం, ఏకాదశి నాడు సాయంత్రందాకా ఏమీ తినదు. కార్తీకమైతే నెలంతా. ఆయన తల పంకించి, చుక్క వేసుకున్నాక కంటి లోపలి మూల ఎట్లా నొక్కి పట్టుకోవాలో నా వేలు పట్టుకుని నా కన్ను మీదే చూపించారు. ఇదేదో ముందే అందరికీ చెప్పాల్సింది, నేనే మరిచిపోతాంటాను అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ సాయంత్రమంతా కోపం పెంచుకుంటూ పోయాను. ఇంటికి పోయేసరికి అమ్మ మగ్గంలోనే ఉంది. గురువారం, ఇంకా దీపం పెట్టలేదు, తినలేదు. పొద్దున చుక్క వేసుకున్నావా అని అడిగాను. ఈ దినం గురువారం కదా అంది, అదేదో నాకు తెలియనట్టు. చుక్క వేసుకుంటే గొంతులోకి చేదు దిగుతుందట. నోట్లోకి ఏదైనా దిగితే ఒక్కపొద్దు చెడుతుందట. అందుకని ఆ దినాల్లో పొద్దుటిది వెయ్యదు, సాయంత్రం తిన్నాక గుర్తుంటే వేస్తుంది. కార్తీకమంతా అంతే. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

నేను అరిచాను. వీధిలోకి వినపడేటట్టే అరిచాను. ఆదోనిలో ఎవరెవరి కళ్ళనో కాపాడుతున్నానని తిరుగుతుంటే, ఇంట్లో నా తల్లి కన్ను నెలనెలా తరిగిపోతోంది. డాక్టరు మాటే ఆమెకూ చెప్పాను, కంటికి పంచాంగం తెలీదు అని. అమ్మ నాడె పక్కన పెట్టి నా వైపు తిరిగింది. నన్ను చూడ్డానికి తల మొత్తం తిప్పాల్సి వచ్చింది.

"దానికి తెలీకపోతే ఏమిమే, నాకు తెలుసు గదా."

కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ట్రంకు పెట్టె తెరిచి టవల్లోంచి డిస్కు తీశాను. లాప్‌టాప్‌కు తగిలించి, పాత ఫోటోలు ఒక్కొక్కటే చూపించాను. చివర ఫోనులో తీసుకొచ్చిన కొత్తది పక్కన పెట్టాను. అమ్మ దగ్గరికి జరిగి, ఎడమకన్నుతో తన ఎడమకన్నునే చూసింది. బట్టలో చిరుగు చూసే మనిషికి నేను ఏమీ చెప్పనవసరం లేకపోయింది. ఆ తెల్లటి చోటు మీద వేలు పెట్టి, ఇది మళ్ళీ పూడదా అని అడిగింది. పూడదు అన్నాను. ఇంక పెద్దది కాకుండా ఉండేదానికే మందు అన్నాను.

అమ్మ వేలు తీసి, తల వెనక్కి వాల్చి, వెయ్యి అంది. నోట్లోకి దిగకుండా వేస్తాను, కదలొద్దు అని చెప్పి ఒక్క చుక్క వేసి, కళ్ళు మూయించి, ముక్కు పక్కన మూలను వేలితో నొక్కి పట్టుకున్నాను. నూలు వాసన, గంజి వాసన. నా వేలి కింద ఆమె నాడి కొట్టుకుంటోంది. అమ్మ ఒకసారి గుటక వేసింది. ఇంకొకసారి వేసింది. చేదు కోసం వెతుకుతోందని నాకు తెలుసు.

"గొంతులోకి రాల్యా," అంది. మళ్ళీ గుటక వేసి చూసుకుంది. "ఇంత సులువని ఎవురూ సెప్పల్యా గదమ్మే నాకు."

కళ్ళు మూసుకునే ఉంది. రెప్పల కిందినుంచి కారుతున్నది మందు కాదు. డాక్టరు చెప్పిన సమయం అయిపోయినా నేను వేలు తియ్యలేదు.